తవిటయ్యను బాగుచేసిన విధం

తవిటయ్యకు వచ్చిన చిక్కల్లా, అతను మంచివాడని కాగితం మీద పడిపోవడం. ఒకసారి పడ్డాక దాన్ని చెరపడం ఎవరివల్లా కాలేదు. చెరపడం తప్పు అని సంస్థ వాళ్లే చెప్పారు. చెరపకుండా ఏం చేయవచ్చో కూడా వాళ్లే కనిపెట్టారు.

ఆవలి ఒడ్డున యుద్ధం ముదిరాక మూడు వందల కుటుంబాలు పడవల్లో సముద్రం దాటి బొంతలపాడు రేవుకు చేరాయి. వాళ్ల ముత్తాతలు ఈ ఒడ్డునుంచే ఓడలెక్కి వెళ్లినవాళ్లు. అక్కడి అడవుల్లో దుంగలు కొట్టి, తెప్పలు కట్టి, ఏటి మీద కిందికి నడిపేవాళ్లు. అందువల్ల వాళ్ల మాట తెలుగే. పుట్టింది అక్కడ కాబట్టి ఇక్కడ శరణార్థులు. బొంతలపాడులో మూతపడ్డ జీడిపిక్కల ఫ్యాక్టరీ ఒకటి ఉంటే ప్రభుత్వం దాని గోదాములు ఇచ్చింది. శరణార్థుల బాగోగులు చూసే సంస్థ వచ్చి వాటిలో రేకులు అడ్డంపెట్టి గదులు చేసింది.

గది కుటుంబానికి ఇస్తారు. కుటుంబం అంటే ఒక స్త్రీ, ఆమెతో ఉన్నవాళ్లు. స్త్రీ లేని మగవాడు కుటుంబం కిందికి రాడు. అతని పేరు 'ఒంటరి వయోజన పురుషుడు'. అతనివల్ల ఇతరులకు ప్రమాదం ఉండవచ్చునని నియమావళిలో ఉంది. అతనికి ప్రమాదం ఉండవచ్చునన్న సంగతి అందులో లేదు. అలాంటివాళ్లను బస్సెక్కించి, డెబ్బై కిలోమీటర్ల అవతల ఉన్న పాత చక్కెర మిల్లుకు పంపుతారు.

తవిటయ్య పక్కన ఆరేళ్ల పైడి నిలబడి ఉంది. అన్న కూతురు. అన్నా వదినా ఆవలి ఒడ్డునే ఒక గోతిలో ఉండిపోయారు.

బల్ల వెనక కూర్చున్న ఫణీంద్ర శిబిరానికి సమన్వయకర్త. ఆయన ఇద్దరినీ చూసి, ఇద్దరి మధ్యా పెన్నుతో గాలిలో గీత గీశాడు.

"పాప బాలికల సంరక్షణ విభాగానికి వెళుతుంది. మీరు చక్కెర మిల్లుకు."

"నా అన్న కూతురు బాబూ. నాను పెడితే తప్ప ముద్ద ముట్టదు."

"మీ తరఫున స్త్రీ ఎవరైనా ఉన్నారా?"

"మా వొదిన ఉండీది."

"ఇప్పుడు?"

"ఇప్పుడు నేకే కదా బాబూ, నాను."

ఫణీంద్ర మనిషి చెడ్డవాడు కాదు. నియమావళి ముందుకీ వెనక్కీ తిప్పాడు. కొత్త సర్క్యులర్ ఒకటి దొరికింది. స్త్రీ తోడు లేని పురుషుడు 'సున్నిత పురుష' కార్యక్రమంలో చేరి, పరివర్తన చెంది, ఆ పరివర్తన నలభై మార్కులకు తగ్గకుండా ఉన్నట్టు రుజువైతే, అతన్ని 'సంరక్షక పురుషుడు'గా గుర్తించి బిడ్డతో సహా గది ఇవ్వవచ్చు. రుజువు కాకపోతే చక్కెర మిల్లు. అప్పటిదాకా బిడ్డ రాత్రిపూట ఎవరైనా స్త్రీ దగ్గర పడుకోవాలి.

అదే పడవలో వచ్చిన గురమ్మ ముందుకొచ్చింది. ఆవలి ఒడ్డున ఎండుచేపల బేరం చేసి, ముగ్గురు కొడుకులను పెంచి, ఒక్కణ్ణి వెంట తెచ్చుకోగలిగిన మనిషి.

"గుంట నా కాడ తొంగుంటాది. ఆడికేటి పరీచ్చ పెడతారో పెట్టండి. తెప్ప మీద పెరిగినోడు, దేనికైనా తేల్తాడు."

తవిటయ్యకు సర్క్యులర్ అర్థం కాలేదు. అర్థమైంది ఒకటే. పాసైతే పైడి ఉంటుంది. ఫెయిలైతే బస్సు.

*

పరీక్ష పెట్టడానికి రాజధాని నుంచి డాక్టర్ హైమవతి వచ్చింది. ఆమె సంస్థకు పురుషత్వ సలహాదారు. ఏ దేశపు మగవాడినైనా నూటికి ఇన్ని మార్కులని తేల్చే సూచీ ఒకటి ఆమె దగ్గర ఉంది. శిక్షణకు ముందు ఒకసారి, తర్వాత ఒకసారి కొలుస్తారు. ముందుది బేస్‌లైన్, తర్వాతది ఎండ్‌లైన్. రెంటికీ మధ్య ఉన్నది పరివర్తన. దాతలు డబ్బిచ్చేది పరివర్తనకు.

"తవిటయ్యగారూ, మీ ఇంట్లో వంట ఎవరు చేస్తారు?"

"నానే అమ్మా."

"పాపకు స్నానం, జడ?"

"నానే."

"భార్య సంపాదిస్తే మీకు అవమానంగా ఉంటుందా?"

"పెళ్లి కానేదమ్మా. మా అమ్మే సంపాదించీది. మా అయ్య వొండీవోడు. బాగా సంపాదించినాదని కూర ఇంకొంచెం ఏసీవోడు."

"మీరు ఏడుస్తారా?"

"ఎప్పుడమ్మా?"

"ఎప్పుడైనా."

"అన్న పోయిన్నాడు ఏడిసినాను. ఉల్లిపాయిలు కోసినప్పుడూ ఏడుత్తాను. మార్కులు దేనికుంతాయి?"

హైమవతి లెక్క కట్టింది. తొంభై ఏడు వచ్చింది. తప్పు కట్టాననుకుని మళ్లీ కట్టింది. కార్యక్రమం శిబిరంలోని మగవాళ్లందరికీ కాబట్టి మిగతావాళ్లనూ పిలిచింది. తొంభై నాలుగు, తొంభై ఆరు, తొంభై ఐదు. చెవుడున్న ముసలాయనకు మాత్రం ఎనభై తొమ్మిది, సగం ప్రశ్నలు వినబడలేదు కాబట్టి.

కారణం కష్టమైనదేమీ కాదు. తెప్ప మీద ఆడవాళ్లు ఎక్కరు. వండుకోవడం మగవాళ్ల పని. ఒడ్డుకొచ్చినా పొయ్యి మగవాడిదే. ఆడవాళ్లు తెల్లవారకముందే బజారుకు పోతారు, చేపలూ తమలపాకులూ అమ్ముతారు, డబ్బు కొంగున ముడేసుకుంటారు. ఒకింటి మగవాడు ఏటి మీద ఉంటే పక్కింటి మగవాడు ఎసట్లో రెండు దోసిళ్లు ఎక్కువ పోస్తాడు. ఏ ఇంట్లోనైనా ఆడమనిషి పొయ్యి ముట్టించిందంటే దానికి ఒకటే అర్థం. ఆ ఇంటి మగవాడు ఏట్లో పోయాడు.

ఆ సాయంత్రం ఆఫీసు గదిలో సమావేశం జరిగింది. తవిటయ్యను కిటికీ అవతల కూర్చోబెట్టారు, అవసరమైతే పిలవడానికి.

"పరిస్థితి ఆందోళనకరం," అంది హైమవతి. "లబ్ధిదారులు శిక్షణకు ముందే పరివర్తన చెంది ఉన్నారు."

"ఎండ్‌లైన్ వందకు మించదు కదా," అన్నాడు ఫణీంద్ర. "మూడు మార్కుల పరివర్తనకు రెండో విడత నిధులు రావు."

ఫీల్డ్ ఆఫీసర్ అప్పలసూరి ఆ ఊరివాడే. పని తెమిలే మార్గం చెప్పాడు. "తొంభై ఏడు బదులు ముప్పై ఏడని రాసేద్దాం మేడమ్. సంతకాలు నేను పెట్టిస్తాను."

హైమవతి అతనివైపు చూసింది. "అప్పలసూరిగారూ, మన సంస్థలో లెక్కలు మార్చరు. ఆ విలువల కోసమే నేనిక్కడ పనిచేస్తున్నాను."

"మరెలా మేడమ్?"

"మనుషులను మార్చాలి."

ప్రధాన కార్యాలయానికి ఫోన్ వెళ్లింది. మర్నాటికి అనుమతి వచ్చింది. దానికి 'పూర్వస్థితి కల్పన' అని పేరు పెట్టారు. సాధారణంగా శిక్షణకు వచ్చే పురుషుడు ఏ స్థితిలో ఉంటాడో ఆ స్థితికి లబ్ధిదారులను ముందుగా తీసుకువెళ్లాలి. అక్కడ కొలవాలి. తర్వాత వెనక్కి తేవాలి.

తవిటయ్యను లోపలికి పిలిచి ఫణీంద్ర వివరించాడు.

"అంటే నాను ముందు సెడిపోవాలా బాబూ?"

"చెడిపోవడం అనే పదం మేము వాడం. 'సాంప్రదాయిక పురుషత్వ ధోరణి' అంటాం."

"సెడిపోతే గుంటని ఇత్తారు. మంచోడిగా ఉంటే ఇవ్వరు."

"మంచివాడిగా ఉండటాన్ని సంస్థ ప్రోత్సహిస్తుంది. అయితే మంచివాడిగా మారాలి. ఉండి ఊరుకుంటే అది మా ఫలితం కాదు."

*

పూర్వస్థితి శిక్షణ అప్పలసూరికి అప్పగించారు. అతనికి అనుభవం ఉందని ఎవరూ పైకి అనలేదు. జీడిపిక్కలు ఆరబోసే కళ్లంలో మగవాళ్లందరినీ వరసగా కూర్చోబెట్టారు. టీ, బిస్కట్లు ఇచ్చారు. గైర్హాజరైతే ఆ నెల నూనె, సబ్బులు ఆపుతామన్నారు.

మొదటి పాఠం కూర్చోవడం. తెప్పవాళ్లు గొంతుక్కూర్చుంటారు, ఎప్పుడైనా లేవాల్సి వస్తుందని. అప్పలసూరి ప్లాస్టిక్ కుర్చీలు తెప్పించాడు.

"ఎనక్కి వాలండి. కాళ్లు జాపండి. ఇంకా. ఎవుడైనా దాటుకుని ఎళ్లాలి. దాటుకుని ఎళ్లాలంటే ఇబ్బంది పడాలి. అదీ."

రెండో పాఠం మంచినీళ్లు అడగడం. తవిటయ్యను ముందుకు పిలిచాడు. కుర్చీ పక్కనే బిందె, బిందె మీద గ్లాసు పెట్టాడు.

"నీళ్లు కావాల. ఏటి సేత్తావు?"

తవిటయ్య వంగి నీళ్లు ముంచుకున్నాడు. అప్పలసూరికి కూడా పోయబోయాడు.

"తప్పు. ఇంట్లోకి కేకెయ్యాల."

"బిందె పక్కనే ఉంది కదా బాబూ."

"అందుకే కేకెయ్యాల. దూరంగా ఉంటే ఎవుడైనా కేకేత్తాడు."

మూడో పాఠం అన్నం దగ్గర. అప్పలసూరి విస్తరి ముందు కూర్చుని చూపించాడు. కంచం దగ్గరకు రాగానే మొహం ముడవాలి. ముద్ద నోట్లో పెట్టకముందే 'ఇదేం కూర' అనాలి.

"తినకుండా ఎలా తెలుత్తాది బాబూ?" అన్నాడు వెనక వరసలోంచి గురమ్మ కొడుకు గవరయ్య.

"తిన్నాక వంక పెట్టీవోడు వంటోడు. తినకముందు పెట్టీవోడు మొగుడు. రాసుకోండి."

రాసుకోవడం వచ్చినవాళ్లు రాసుకున్నారు.

టీ విరామంలో తవిటయ్య అతని పక్కకు చేరాడు. "బాబూ, ఇయ్యన్నీ మీకెవులు నేర్పినారు?"

"నేర్పడమేటి? మా ఇంట్లో పెరిగినాను కదా."

"మరి మిమ్మల్ని బాగుసేసీ క్లాసు ఎప్పుడంతారు?"

అప్పలసూరి బిస్కట్ టీలో ముంచాడు. "నాకెందుకు? నాను స్టాఫు."

*

మగవాళ్లు పొయ్యి దగ్గరికి పోకూడదని సోమవారం నుంచి ఆంక్ష పెట్టారు. ఆడవాళ్లే వండాలి. హైమవతి గోదాం వరండాలో కుర్చీ వేసుకుని పరిశీలనకు కూర్చుంది.

ఆడవాళ్లు చాలాసేపు పొయ్యిల చుట్టూ నిలబడ్డారు. చివరికి గురమ్మ వంగి అగ్గిపుల్ల గీసింది. పొగ లేచింది. ఆమె గుప్పెడు బూడిద తీసి సముద్రం వైపు విసిరి, నేల మీద కూలబడి, కొడుకు పేరు పెట్టి శోకం మొదలెట్టింది. పక్క పొయ్యి దగ్గర ఇంకొకామె మొగుడి పేరు అందుకుంది. గడియలో వరండా అంతా చావింటి ఏడుపైంది.

గవరయ్య ఎదురుగా కుర్చీలో కాళ్లు జాపుకుని తన చావు ఏడుపు తనే విన్నాడు.

"ఓలమ్మా, నాను బతికే ఉన్నాను."

"నోర్ముయ్యిరా. నా సేత పొయ్యి ముట్టించినాక నువ్వు బతికుంటే ఏటి, సస్తే ఏటి. నా అయ్యా, నా గవరయ్యా, ఏ సుడిలో పోయినావురా."

గవరయ్యకు కళ్లు తుడుచుకోవాలనిపించింది. మార్కులు పోతాయని ఊరుకున్నాడు.

హైమవతి రాసుకుంది: 'గృహశ్రమ భారంవల్ల స్త్రీలలో తీవ్ర మనోవేదన. పురుషులలో ఉదాసీనత. పూర్వస్థితి సంతృప్తికరంగా ఏర్పడుతోంది.'

అన్నం మాడింది. వండినవాళ్లకు వండటం రాదు. వచ్చినవాళ్లను కుర్చీల్లోంచి లేవనివ్వలేదు. పిల్లలు మాడు ఏరుకుని తిన్నారు. పైడి అదీ తినలేదు. గురమ్మ చేతిలో ముద్ద చూసి, గోదాం ఆ చివర కుర్చీలో కూర్చున్న తవిటయ్యను చూసి, నోరు మూసుకుంది.

తవిటయ్య మూడు రోజులు ఓర్చుకున్నాడు. నాలుగో నాడు నీళ్ల ట్యాంకు వెనక్కి పైడిని తీసుకుపోయి, గంజిలో అన్నం పిసికి తినిపించాడు. దువ్వెన తీసి, అట్టలు కట్టిన జుట్టు చిక్కు తీస్తూ కూర్చున్నాడు. రెండో జడ సగంలో ఉండగా అప్పలసూరి కెమెరాతో వచ్చాడు. అతను వచ్చింది ట్యాంకు ఫోటో కోసం. దొరికింది ఇది.

హైమవతి ఫోటో చూసి కళ్లజోడు తీసింది. "డేటా కలుషితమైంది తవిటయ్యగారూ. మీ పరిశీలన మొదటినుంచి మొదలుపెట్టాలి."

"జడే కదమ్మా."

"జడకు నాలుగు మార్కులు. రహస్యంగా వేశారు కాబట్టి అది సహజ ప్రవృత్తి కింద వస్తుంది. దానికి ఇంకో మూడు. మీరు సహకరించకపోతే నేనేం చేయగలను? ఒంటరి పురుషుల బస్సు శనివారం వెళుతుంది. శుక్రవారంలోగా మీ బేస్‌లైన్ రావాలి."

*

పైడికి అతను ముందే చెప్పాడు. శుక్రవారం అమ్మగారు వచ్చినప్పుడు నాను కోపం తెచ్చుకుంటాను, ఉత్తుత్తి కోపం, ఆట అని. పైడి సరేనంది. ఏం అరుస్తావని అడిగి, రెండుసార్లు అరిపించుకుని చూసింది. నవ్వింది.

శుక్రవారం హైమవతి, ఫణీంద్ర, అప్పలసూరి వచ్చి వరసగా కూర్చున్నారు. గురమ్మ కంచం తెచ్చి పెట్టింది. తవిటయ్య మొహం ముడిచాడు.

"ఇదేం కూర?" అని అరిచాడు.

పైడి కిసుక్కున నవ్వింది. చేత్తో నోరు మూసుకుని వేళ్ల సందుల్లోంచి అతన్ని చూసింది.

"పాప నవ్వుతోంది," అంది హైమవతి. "భయసూచిక శూన్యం. ఈ గృహంలో పురుషాధిపత్యం ఉందని నేను రాయలేను."

అప్పలసూరి లేచొచ్చి తవిటయ్య చెవి దగ్గర వంగాడు. "ఒరే బాబూ, రేపు బస్సు. జాబితా నానే టైపు సేసినాను. నీ పేరు దాన్లో ఉంది. గుంటని రేపే తీసుకుపోతారు. నువ్వు మొగోడివి కాకపోతే నాను సేసీదేమీ నేదు."

తవిటయ్య పైడివైపు చూడలేదు. చూస్తే చేయలేనని తెలుసు. కంచం ఎత్తి గోడకేసి కొట్టాడు.

గోడ రేకుది. గోదాం పొడుగునా ఆ చప్పుడు పోయింది. ఆవలి ఒడ్డున పైడి అలాంటి చప్పుడు ఒక పూటంతా విన్నది. అది ఆగాక వాళ్లమ్మ లేవలేదు.

తవిటయ్య తిరిగి చూసేసరికి పైడి లేదు. గురమ్మ పక్కబట్టల మూట వెనక ఒక కాలు కనబడింది. కింద నేల తడిసి ఉంది.

హైమవతి పెన్ను చప్పుడు వినబడింది.

"ముప్పై ఒకటి," అంది ఆమె. గొంతులో గౌరవం ఉంది. "చాలా సహజంగా వచ్చింది తవిటయ్యగారూ. ఇంత స్పష్టమైన బేస్‌లైన్ నా వృత్తిలో అరుదు."

ఫణీంద్ర చేయి కలపబోయాడు. తవిటయ్య చేతులకు కూర అంటుకుని ఉంది.

గురమ్మ చీపురు తెచ్చి రేకు కింద అన్నం ఊడ్చింది. ఊడుస్తూ తలెత్తకుండా అంది. "ఏట్లో పోయినోడు మేలు. ఆడి శవమైనా తేల్తాది."

*

బేస్‌లైన్ వచ్చాక బాగుచేయడం మొదలైంది. ఆరు వారాల కోర్సు. హైమవతి స్వయంగా పాఠాలు చెప్పింది.

మొదటి వారం 'వంటపాత్రల పరిచయం'. ప్లాస్టిక్ పూత వేసిన కార్డు మీద గరిటె బొమ్మ ఉంది. ఏటి మీద నలభైమందికి వండిపెట్టిన తవిటయ్య ఆ బొమ్మను చూసి, ఇది గరిటె అని మిగతావాళ్లతో కలిసి పలికాడు. రెండో వారం పప్పు. పప్పులో నీళ్లు ఎన్ని పోయాలో కార్డు మీద ఉంది. అన్ని పోస్తే పప్పు ఉడకదు. తవిటయ్య అన్నే పోశాడు. ఉడకని పప్పు తిని హైమవతి, మొదటి ప్రయత్నానికి ఇది గొప్ప ముందడుగు అంది. కార్డు లేకుండా వండినవాడికి మార్కులు తగ్గించారు.

నాలుగో వారం దాతలు వచ్చారు. మగవాళ్లంతా ఏప్రన్లు కట్టుకుని ఉల్లిపాయలు కోశారు. దాతల కళ్లు చెమర్చాయి. అది కార్యక్రమ ప్రభావం కింద నమోదైంది. ఒక దాత తవిటయ్యను అడిగాడు, మునుపు మీరెలా ఉండేవారని. ఫణీంద్ర తర్జుమా చేశాడు.

"కంచం గోడకేసి కొట్టినాను బాబూ," అన్నాడు తవిటయ్య.

అది నిజమే కాబట్టి ఆ మాట బాగా వచ్చింది. దాత అతని భుజం మీద చేయి వేశాడు.

కోర్సు అందరికీ ఒకేలా పట్టలేదు. గవరయ్యా, ఇంకో పదిమందీ కుర్చీల్లోంచి లేవలేదు. కాళ్లు జాపుకోవడం వాళ్లకు పడింది. నీళ్ల కోసం కేకేస్తే నీళ్లు వచ్చాయి, అదీ పడింది. వాళ్లను 'పరివర్తన నిరోధక వర్గం' కింద చేర్చి, వాళ్లకోసం రెండో బ్యాచ్‌కు నిధులు అడిగారు. నిధులు వచ్చాయి.

గురమ్మ ఆఫీసుకు పోయింది. "అమ్మా, నాలుగు తరాలుగా మా మొగోళ్లకి నేని తెగులు. మీరొచ్చి నెల తిరక్కుండా అంటించీసినారు. మందైనా గట్టిది ఇయ్యండి."

"మీ ఆవేదన మాకు అర్థమవుతోంది," అన్నాడు ఫణీంద్ర. "దాన్ని అభిప్రాయ సేకరణలో చేర్చాం."

ఎండ్‌లైన్ రోజున అవే ప్రశ్నలు అడిగారు. వంట ఎవరు చేస్తారు? నానే. జడ? నానే. ఏడుస్తారా?



"ఇప్పుడు ఎక్కువే ఏడుత్తాను," అన్నాడు తవిటయ్య.

తొంభై ఏడు. పరివర్తన అరవై ఆరు మార్కులు. సంస్థ చరిత్రలో అది రికార్డు. అతని ఫోటో వార్షిక నివేదిక అట్ట మీద వేస్తామన్నారు.

జడ తను వేస్తానని అతను అన్నమాట పూర్తిగా నిజం కాదు. వేయడానికి అనుమతి వచ్చింది. దువ్వెన తీసుకుని పిలిస్తే పైడి వచ్చి ముందు కూర్చునేది. భుజాలు రెండూ చెవుల దాకా ఎత్తి, ఊపిరి బిగబట్టి కూర్చునేది. చిక్కు పడినా అబ్బా అనేది కాదు. రెండు రోజులు చూసి తవిటయ్య దువ్వెన గురమ్మకు ఇచ్చేశాడు. ఆ భాగం సూచీలో లేదు.

*

గది ఇచ్చే రోజు ముగ్గురు అధికారులూ వచ్చారు. ఫణీంద్ర తాళంచెవిని రిబ్బన్‌తో ఇచ్చాడు. తవిటయ్య తలుపు తీసి లోపల చాప పరిచాడు. పొయ్యి కోసం మూల చూసుకున్నాడు. వెనక్కి తిరిగి, "రాయే పైడీ," అన్నాడు.

పైడి గడప దగ్గర ఆగింది. లోపల గది ఉంది, గదిలో అతనున్నాడు. ఆమె గడప దాటలేదు.

తవిటయ్యకు తెలిసింది. బయటికొచ్చి మెట్టు మీద కూర్చున్నాడు. అప్పుడు పైడి లోపలికి వెళ్లింది.

హైమవతి ఇది గమనించింది. ఆమె ముఖం వెలిగింది.

"ఫణీంద్రగారూ, మన తర్వాతి ప్రాజెక్టు ఏది?"

"'భరోసా' మేడమ్. శరణార్థి బాలలకు సంరక్షకుల పట్ల విశ్వాసం పెంపొందించడం."

"ఇదుగో. ఈసారి పూర్వస్థితి కల్పించే శ్రమ కూడా లేదు. సహజసిద్ధంగా లభించింది."

ఆమె సంచిలోంచి ఒక కార్డు తీసింది. దాని మీద మూడు ముఖాలున్నాయి. ఒకటి నవ్వుతోంది, ఒకటి ఊరికే ఉంది, ఒకటి ఏడుస్తోంది. గడప దగ్గర వంగి పైడికి చూపించింది.

"పాపా, బాబాయి దగ్గరికి వస్తే నీకెలా ఉంటుంది? వేలు పెట్టి చూపించు."

పైడి కార్డు చూసింది. తర్వాత తవిటయ్యను చూసింది. అతన్ని సూటిగా చూడటం ఆ గోడ దెబ్బ తర్వాత అదే మొదలు.

"ఏది సూపమంతావు సిన్నాన్నా?"

"నీకెలగుంతే అది సూపు."

"అది సూపితే మనకి గది ఉంటాదా?"

తవిటయ్య హైమవతిని చూశాడు. హైమవతి ఫణీంద్రను చూసింది. ఫణీంద్ర గొంతు సవరించుకున్నాడు.

"ఏది చూపినా మాకు ఉపయోగమే పాపా," అన్నాడు.

పైడి రెండు చేతులూ వీపు వెనక్కి పెట్టుకుంది. హైమవతి కార్డు ఇంకొంచెం దగ్గరగా పెట్టింది. పైడి ఆ కార్డు పక్కనుంచి తప్పుకుని బయటికొచ్చి మెట్టు మీద కూర్చుంది. తవిటయ్య పక్కన కాదు, ఈ చివర. ఇద్దరి మధ్యా ఇంకో మనిషి కూర్చునే చోటు ఉంది.

"బాగుంది, బాగుంది," అన్నాడు ఫణీంద్ర. "అప్పలసూరీ, ఒక ఫోటో. తవిటయ్యగారూ, కొంచెం పాప దగ్గరికి జరగండి."

తవిటయ్య జరగలేదు.

"జరగండి. ఫ్రేములోకి రావడం లేదు."

"నాను జరగను బాబూ," అన్నాడు తవిటయ్య. శిబిరానికి వచ్చాక అతను కాదన్న మాట అదొక్కటే. "జరగాలనిపిత్తే అదే జరుగుతాది. ఎప్పుడో నాకు తెల్దు. మీరు ఎల్లండి."

అప్పలసూరి కెమెరా దించాడు. పైడి ఉన్నచోటే కూర్చుని, కాలి వేలితో మెట్టు మీద ఇసుక రాస్తోంది. తవిటయ్య ఎదురుగా సముద్రాన్ని చూస్తూ కూర్చున్నాడు, పక్కకు తిరక్కుండా.